కార్చిచ్చు సెటిల్‌మెంట్ డబ్బు మీద పన్ను: ఏ పద్దుకు ఏ మినహాయింపు నప్పుతుంది

అమెరికాలో కార్చిచ్చుకు ఇల్లు పోగొట్టుకున్నవాళ్లకు నష్టపరిహారం ఒక్కసారిగా రాదు. ముందు ఇన్సూరెన్స్ వస్తుంది. ఏళ్లు గడిచాక కరెంటు కంపెనీ నుంచో, కోర్టు పెట్టిన ట్రస్టు నుంచో, ప్రభుత్వం నుంచో సెటిల్‌మెంట్ వస్తుంది. ఆ మరుసటి జనవరిలో చాలామందికి 1099 ఫారం (అందిన డబ్బు లెక్కను మీకూ పన్ను శాఖకూ తెలిపే కాగితం) కూడా అందుతుంది. అందులోని అంకెను ఉన్నదున్నట్టు ట్యాక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తే, కాలిన ఇంటికి వచ్చిన పరిహారం జీతంలాగే ఆదాయంలో కలిసిపోతుంది. అలా కట్టనక్కర్లేని పన్ను కట్టిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

ఈ డబ్బును పన్ను నుంచి కాపాడే దారులు ఐదు. వీటిలో ఒకదాన్ని ఎంచుకుని మొత్తం డబ్బును దాని కిందికి నెట్టడం సరైన పద్ధతి కాదు. సెటిల్‌మెంట్ అంటే నిజానికి నాలుగైదు రకాల నష్టాలకు వచ్చిన డబ్బు ఒకే చెక్కులో కలిసి రావడం. ఇంటి పద్దుకు ఆసరాగా చట్టంలో రెండు మూడు సెక్షన్లు ఉన్నాయి. మానసిక వేదన పద్దుకు దాదాపు ఒకటే దిక్కు, దానికీ గడువు ఉంది. ఈ తేడా తెలిస్తే మిగతా నిర్ణయాలు తేలికవుతాయి.

## ముందు తేల్చుకోవాల్సిన ఐదు సంగతులు

ఏ కార్చిచ్చు? అధ్యక్షుడు ఫెడరల్ విపత్తుగా ప్రకటించిన మంటేనా అన్నది మొదటి ప్రశ్న. విపత్తు సాయం చూసే ఫెడరల్ సంస్థ ఫెమా వెబ్‌సైటులో ప్రతి విపత్తుకూ ఒక సంఖ్య ఉంటుంది. ముందు "డీఆర్" అని ఉంటే అది పెద్ద విపత్తుగా ప్రకటించినది. "ఎఫ్ఎం" అని మాత్రమే ఉంటే అది మంటలార్పే ఖర్చుకు ఇచ్చిన సాయం. అదొక్కటి చూసి మినహాయింపు ఉందనుకోకూడదు.

డబ్బు ఏ ఏడాది చేతికొచ్చింది? ఒప్పందం మీద సంతకం చేసిన తేదీ వేరు, డబ్బు అందిన తేదీ వేరు. లాయరు మీ తరఫున పనిచేసే మనిషి కాబట్టి, ఆయన ట్రస్టు ఖాతాలో డబ్బు పడి, అది మీదేనని ఖాయమైన రోజే మీకు అందినట్టు లెక్క. మధ్యలో కోర్టు ఆమోదించిన సెటిల్‌మెంట్ ఫండ్ ఉంటే సంగతి మారుతుంది. ఫండ్‌కు చేరిన రోజు కాదు, ఫండ్ నుంచి మీ వాటా బయటకు వచ్చిన రోజే లెక్క.

ఏ నష్టానికి ఎంత? ఇల్లు, సామాను, అద్దె ఖర్చు, పోయిన జీతం, శరీర గాయం, మానసిక వేదన, వడ్డీ. వీటి విడివిడి అంకెలు కాగితం మీద ఉండాలి.

అదే నష్టానికి ఇన్సూరెన్స్ ఇదివరకే చెల్లించిందా? ఒక నష్టానికి రెండుసార్లు మినహాయింపు దొరకదు.

ఇంటి బేసిస్ ఎంత? కొన్న ధర, దానికి కలిపిన శాశ్వత మెరుగుల ఖర్చు. వంటగది మార్చిన బిల్లు, కప్పు వేయించిన బిల్లు అన్నీ ఇందులోకి వస్తాయి. కాగితాలు ఇంటితోపాటే కాలిపోయి ఉంటే టైటిల్ కంపెనీ, కౌంటీ రికార్డర్, బ్యాంకు లోన్ ఫైలు, క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్లు ఆధారంగా మళ్లీ కట్టుకోవచ్చు.

ఈ మధ్యకాలంలో సెటిల్‌మెంట్లు నడిచిన కొన్ని మంటల వివరాలు ఇవి:

| కార్చిచ్చు | ఫెమా సంఖ్య | డబ్బు ఎవరి నుంచి |
|---|---|---|
| క్యాంప్ ఫైర్, ప్యారడైజ్, కాలిఫోర్నియా, 2018 | డీఆర్-4407 | కరెంటు కంపెనీ పీజీ అండ్ ఈ దివాలా కేసులో పెట్టిన ఫైర్ విక్టిమ్ ట్రస్ట్ |
| లేబర్ డే మంటలు, ఒరెగాన్, 2020 | డీఆర్-4562 | కరెంటు కంపెనీ పసిఫికార్ప్ |
| మార్షల్ ఫైర్, బౌల్డర్ కౌంటీ, కొలరాడో, 2021 | డీఆర్-4634 | ఎక్సెల్ ఎనర్జీ, టెలికాం కంపెనీలు కలిపి 64 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్ |
| హెర్మిట్స్ పీక్, కాఫ్ కాన్యన్, న్యూ మెక్సికో, 2022 | డీఆర్-4652 | ఫెమా ద్వారా ఫెడరల్ ప్రభుత్వం |
| లహైనా, మావి, హవాయి, 2023 | డీఆర్-4724 | హవాయియన్ ఎలక్ట్రిక్ సహా పలువురు కలిసి సుమారు 404 కోట్ల డాలర్లు |
| ఈటన్ ఫైర్, ఆల్టడీనా, కాలిఫోర్నియా, 2025 | డీఆర్-4856 | సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్ పరిహార పథకం, విడిగా కోర్టు దావాలు |

## మొదటి దారి: 2024 డిసెంబరు చట్టం

2024 డిసెంబరు 12న ఫెడరల్ డిజాస్టర్ ట్యాక్స్ రిలీఫ్ చట్టం అమల్లోకి వచ్చింది. ఉన్న దారులన్నింటిలో ఇదే విశాలమైనది. 2014 డిసెంబరు 31 తర్వాత ఫెడరల్ విపత్తుగా ప్రకటించిన అడవి, గడ్డి మైదానపు మంటల వల్ల ఒక వ్యక్తికి కలిగిన నష్టానికి వచ్చిన పరిహారాన్ని ఇది ఆదాయంలోంచి పూర్తిగా తీసేస్తుంది. అదనపు నివాస ఖర్చు, పోయిన జీతం, శరీర గాయం, మరణం, మానసిక వేదన అని చట్టమే పేర్లు పెట్టి చెప్పింది. జీతం విషయంలో ఒక మెలిక ఉంది. అదే జీతం మామూలుగా ఇవ్వాల్సిన యజమాని ఇచ్చిన డబ్బుకు ఇది వర్తించదు.

షరతులు మూడు, మూడూ గట్టివే.

మొదటిది గడువు. 2019 డిసెంబరు 31 తర్వాత మొదలై 2026 జనవరి 1 కంటే ముందు మొదలైన పన్ను సంవత్సరాల్లో అందిన డబ్బుకే ఇది వర్తిస్తుంది. మామూలు మనిషికి అంటే 2020 జనవరి 1 నుంచి 2025 డిసెంబరు 31 వరకు. మంట 2018లో రేగినా డబ్బు 2026లో అందితే ఈ చట్టం ప్రకారం నీడ లేదు. గడువు పొడిగిస్తూ కొత్త చట్టం వచ్చిందో లేదో 2026, ఆ తర్వాతి రిటర్న్‌లు వేసే ముందు అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్ సూచనల్లో తప్పక చూడాలి. పాత వ్యాసం చదివి నమ్మకండి.

రెండోది, ఇన్సూరెన్స్ గానీ మరొకరు గానీ భర్తీ చేసిన నష్టానికి వచ్చిన డబ్బు ఇందులోకి రాదు.

మూడోది జంట లాభం కుదరకపోవడం. మినహాయింపు పొందిన డబ్బుతో పెట్టిన ఖర్చుకు మళ్లీ డిడక్షన్ (ఆదాయంలో కోత) గానీ క్రెడిట్ (పన్నులో కోత) గానీ లేదు. ఆ డబ్బు పెట్టి ఇల్లు కట్టుకుంటే ఆ మేరకు కొత్త ఇంటి బేసిస్ పెరగదు. ఈ మూడో షరతును చాలామంది చదవకుండానే వదిలేస్తారు. పదేళ్ల తర్వాత ఇల్లు అమ్మినప్పుడు లాభం అనుకున్నదానికంటే రెండు మూడు లక్షల డాలర్లు ఎక్కువగా తేలేది దీనివల్లే.

ఇంకో మాట. చట్టం "ఆదాయంలో చేరదు" అంటుంది గానీ "కావాలంటే ఎంచుకోండి" అనదు. డబ్బు వచ్చాక ఇంటి పద్దుకు ఇది వద్దు, వేదన పద్దుకు కావాలి అని రిటర్న్‌లో గీత గీయడం కుదరదు. ఎంపిక చేసుకోగలిగే చోటు సెటిల్‌మెంట్ పత్రంలో పద్దుల విభజన మాత్రమే. దాన్ని సంతకానికి ముందే చూసుకోవాలి. విభజన నిజానికి దగ్గరగా, ఇరుపక్షాలూ బేరమాడి తేల్చినదిగా ఉండాలి. పన్ను కోసమే అల్లినట్టు కనిపిస్తే ఐఆర్ఎస్ దాన్ని పక్కన పెట్టగలదు.

ఈ చట్టం వ్యక్తులకే. అద్దె ఇల్లు కార్పొరేషన్ పేరున ఉంటే ఆ కార్పొరేషన్‌కు వచ్చిన పరిహారం దీని కిందికి రాదు.

## రెండో దారి: శరీర గాయానికి సెక్షన్ 104

దీనికి గడువు లేదు, విపత్తు ప్రకటన అవసరం లేదు. శరీర గాయం లేదా శారీరక జబ్బు కారణంగా వచ్చిన పరిహారం ఎప్పుడొచ్చినా పన్ను లేదు. కాలిన గాయాలు, పొగ పీల్చి ఆసుపత్రి పాలవడం, ఉన్న ఉబ్బసం ముదరడం, కుటుంబ సభ్యుడి మరణం ఇందులోకి వస్తాయి. ఆ గాయం వల్ల పోయిన జీతానికి, దాంతో కలిగిన మానసిక వేదనకు ఇచ్చిన డబ్బు కూడా దీని నీడలోకే వస్తుంది.

ఇక్కడ అడ్డుగోడ స్పష్టంగా ఉంది. శరీర గాయం లేకుండా ఇల్లు పోయిన దిగులుకు, నిద్రపట్టని రాత్రులకు, మంటల్లోంచి పారిపోయిన భయానికి ఇచ్చిన డబ్బుకు సెక్షన్ 104 వర్తించదు. వేదన వల్ల వచ్చిన తలనొప్పి, కడుపునొప్పి కూడా శరీర గాయంగా లెక్కకు రావు. ఆ వేదనకు చేయించుకున్న వైద్యం ఖర్చు మేరకు మాత్రం వెసులుబాటు ఉంది, ఆ ఖర్చును ఇదివరకు డిడక్షన్‌గా వాడుకోకపోతే.

అందుకే డబ్బు 2025 తర్వాత అందేవాళ్లు వైద్య రికార్డులను ఆస్తి పత్రాలంత జాగ్రత్తగా చూసుకోవాలి. మంట జరిగిన వారంలో అర్జెంట్ కేర్‌కు వెళ్లిన చీటీ, ఇన్‌హేలర్ మోతాదు పెంచిన ప్రిస్క్రిప్షన్, ఊపిరితిత్తుల పరీక్ష ఫలితం ఉన్నవాళ్ల దావాలో శరీర గాయం మొదటి ఫిర్యాదు పత్రం నుంచే ఉండాలి. ఫిర్యాదులో లేని గాయం సెటిల్‌మెంట్ పత్రంలో హఠాత్తుగా వెలిస్తే నిలబడదు.

శిక్షగా విధించిన అదనపు పరిహారానికి, తీర్పు ఆలస్యమైనందుకు కలిపిన వడ్డీకి సెక్షన్ 104 వర్తించదు. అవి పన్ను పద్దులే.

## మూడో దారి: విపత్తు సాయానికి సెక్షన్ 139

ఫెడరల్ విపత్తు వల్ల అవసరమైన, సబబైన కుటుంబ ఖర్చులు, నివాస ఖర్చులు, అంత్యక్రియల ఖర్చులు, ఇంటి మరమ్మతు, సామాను తిరిగి కొనడం వంటివాటికి ఇచ్చిన డబ్బు దీని కింద ఆదాయం కాదు. దాతృత్వ సంస్థల సాయం, కంపెనీ తన ఉద్యోగికిచ్చిన విపత్తు గ్రాంటు సాధారణంగా ఇలాగే బయటపడతాయి. ఈ ఖర్చుల పద్దుల్లో డబ్బు ఫలానావాళ్లే ఇవ్వాలన్న నియమం లేదు. కాబట్టి సెటిల్‌మెంట్‌లో హోటలు, అద్దె, సామాను తరలింపు అని విడిగా రాసిన భాగానికి 2025 తర్వాత కూడా దీన్ని వాడుకునే వాదన ఉంది. ఆ భాగం నిజమైన ఖర్చులను మించకూడదు. పోయిన జీతం, మానసిక వేదన ఇందులోకి రావు.

ఇన్సూరెన్స్ ఇచ్చే అదనపు నివాస ఖర్చుకు వేరే సెక్షన్ ఉంది, 123. అక్కడ మామూలు ఖర్చు కంటే పెరిగిన మేరకే మినహాయింపు. నెలకు 3,000 డాలర్ల అద్దె కట్టేవారు మంట తర్వాత 4,500 కడుతూ, పాత అద్దె ఆగిపోయి ఉంటే, పెరిగినది 1,500 మాత్రమే. అద్దెకు ఉండే కుటుంబాలు ఇక్కడ పొరబడుతుంటాయి.

## నాలుగో దారి: ఇంటికి సెక్షన్ 121, 1033

పన్ను చట్టం దృష్టిలో కాలిపోయిన ఇల్లు అమ్ముడుపోయిన ఇంటి లాంటిదే. వచ్చిన డబ్బు బేసిస్‌ను మించితేనే లాభం. ఆ లాభానికి రెండు గొడుగులు ఉన్నాయి.

సెక్షన్ 121: మంటకు ముందు ఐదేళ్లలో రెండేళ్లు సొంతంగా ఉండి, కాపురమున్న ఇల్లయితే ఒంటరి వ్యక్తికి 2.5 లక్షల డాలర్లు, ఉమ్మడి రిటర్న్ వేసే దంపతులకు 5 లక్షల డాలర్ల లాభం వరకు పన్ను లేదు. తిరిగి కట్టుకోవాల్సిన పని కూడా లేదు.

సెక్షన్ 1033: మిగిలిన లాభాన్ని వాయిదా వేస్తుంది. ఫెడరల్ విపత్తులో పోయిన సొంత నివాసానికి నాలుగేళ్ల గడువు. వచ్చిన డబ్బును ఆలోగా కొత్త ఇంటి మీద పెట్టాలి. వాయిదా పడ్డ లాభం కొత్త ఇంటి బేసిస్‌ను అంతమేర తగ్గిస్తుంది.

అంకెలతో చూద్దాం. దంపతుల ఇంటి బేసిస్ 3.5 లక్షలు. ఇన్సూరెన్స్ 4 లక్షలు, సెటిల్‌మెంట్‌లో ఇంటి భాగం 2.5 లక్షలు. మొత్తం 6.5 లక్షలు, లాభం 3 లక్షలు. అది 5 లక్షల లోపే కాబట్టి సెక్షన్ 121 ఒక్కటే చాలు. పన్ను సున్నా. 6.5 లక్షలతో కట్టుకున్న ఇంటి బేసిస్ 6.5 లక్షలే. అదే ఇంట్లో ఒంటరి వ్యక్తి ఉంటే 2.5 లక్షలు సెక్షన్ 121లో పోతాయి, మిగిలిన 50 వేలను వాయిదా వేయాలంటే కనీసం 4 లక్షలు కొత్త ఇంటి మీద పెట్టాలి. పక్కన పెట్టి చూడండి: అదే 2.5 లక్షల సెటిల్‌మెంట్ 2024 చట్టం కింద మినహాయింపు పొంది ఇంట్లోకి వెళితే ఆ మేరకు బేసిస్ పెరగదు. పన్ను ఇక్కడా సున్నాయే, కానీ కొత్త ఇంటి బేసిస్ 4 లక్షల దగ్గర ఆగుతుంది.

అందుకే తక్కువ లాభమున్న సొంతింటివాళ్లు ఇంటి పద్దు 2025 దాటి వస్తోందని బెంగపడక్కర్లేదు. వాళ్ల బెంగ వేదన పద్దు గురించి ఉండాలి.

నాలుగేళ్ల గడియారం ఎప్పుడు మొదలవుతుందన్నది ఈ దారిలో పెద్ద గుంట. సెటిల్‌మెంట్ వచ్చిన ఏడాది నుంచి కాదు. వచ్చిన డబ్బు మొత్తం బేసిస్‌ను మొదటిసారి దాటిన సంవత్సరం ముగిసినప్పటి నుంచి. 2021 డిసెంబరు 30న మార్షల్ ఫైర్‌లో ఇల్లు పోయి, 2022లో వచ్చిన ఇన్సూరెన్సే బేసిస్‌ను దాటి ఉంటే గడువు 2026 డిసెంబరు 31తో తీరిపోతుంది. ఎక్సెల్ సెటిల్‌మెంట్ ప్రకటన 2025 సెప్టెంబరులో వచ్చింది. అప్పటికే ఇల్లు కట్టుకున్నవారికి చిక్కు లేదు, మంట తర్వాత పెట్టిన ఆ ఖర్చూ లెక్కలోకి వస్తుంది. ఇంకా కట్టనివారు గడువు దాటకముందే, పర్మిట్ల ఆలస్యం, కాంట్రాక్టర్ల కొరత వంటి కారణాలు చూపి ఐఆర్ఎస్‌కు పొడిగింపు కోరుతూ రాయాలి.

అద్దెకిచ్చిన ఇంటికి సెక్షన్ 121 లేదు, నాలుగేళ్ల వెసులుబాటూ లేదు. మామూలు రెండేళ్లే. పైగా ఏటా తీసుకున్న డిప్రిసియేషన్ (అరుగుదల కోత) బేసిస్‌ను తగ్గించి ఉంటుంది కాబట్టి లాభం పెద్దదిగా తేలుతుంది. పెట్టుబడికి రెండో ఇల్లు కొన్న మన కుటుంబాలకు ఇది తగిలే చోటు.

## ఐదో దారి: నష్టాన్ని డిడక్షన్‌గా చూపడం

ఇది తక్కువ డబ్బు వచ్చినవారి దారి. ఇన్సూరెన్స్, సెటిల్‌మెంట్ కలిపినా బేసిస్‌కు చేరకపోతే మిగిలిన నష్టాన్ని ఫారం 4684లో చూపవచ్చు. 2020 నుంచి 2025 సంవత్సరం మధ్య వరకు జరిగిన అర్హత గల ఫెడరల్ విపత్తులకు నియమాలు ఉదారంగా ఉన్నాయి. ఆదాయంలో 10 శాతం కోత లేదు, 500 డాలర్లు మాత్రమే తీసేస్తారు, ఐటమైజ్ చేయకపోయినా (కోతలను విడివిడిగా జాబితా వేయకపోయినా) దక్కుతుంది. నష్టాన్ని విపత్తుకు ముందు ఏడాది రిటర్న్‌లోకి మార్చుకునే వీలు కూడా ఉంది.

అయితే పరిహారం వచ్చే సహేతుకమైన ఆశ ఉన్నంతకాలం ఆ భాగాన్ని నష్టంగా చూపకూడదు. దావా నడుస్తుండగా తొందరపడి మొత్తం డిడక్షన్ తీసుకున్నవారు, తర్వాత డబ్బు వచ్చినప్పుడు దాని వల్ల తగ్గిన పన్ను మేరకు తిరిగి ఆదాయంగా చూపాల్సి రావచ్చు. ఇలా ముందే డిడక్షన్ తీసుకున్నవాళ్లు 2024 చట్టం మినహాయింపును కళ్లు మూసుకుని వాడకూడదు. రెండు రిటర్న్‌లనూ పక్కపక్కన పెట్టి లెక్క చూడగల సీపీఏ (లైసెన్సు ఉన్న అకౌంటెంటు) దగ్గరికి వెళ్లాలి.

## ఒక్క చూపులో

| పద్దు | 2025 డిసెంబరు 31 లోపు అందితే | ఆ తర్వాత అందితే |
|---|---|---|
| సొంత ఇల్లు | 2024 చట్టం, బేసిస్ పెరగదు | 121, 1033 |
| అద్దెకిచ్చిన ఇల్లు, వ్యక్తి పేరున | 2024 చట్టం | 1033, రెండేళ్లు |
| హోటలు, అద్దె, తరలింపు | 2024 చట్టం, 139 | 139 |
| శరీర గాయం, మరణం | 104, 2024 చట్టం | 104 |
| గాయం లేని మానసిక వేదన | 2024 చట్టం | పన్ను, వైద్య ఖర్చు మేర తప్ప |
| గాయంతో సంబంధం లేని జీత నష్టం | 2024 చట్టం | పన్ను |
| వడ్డీ, శిక్షాత్మక పరిహారం | పన్ను ఉందనుకునే లెక్క వేయాలి | పన్ను |

## లాయరు ఫీజు: ఎవరూ ముందుగా చెప్పని బరువు

పన్ను పడే పద్దులో లాయరు వాటా కూడా మీ ఆదాయమే. 2005లో కమిషనర్ వర్సెస్ బ్యాంక్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చేసింది. ఆ ఫీజును తగ్గించుకునే పాత ఐటమైజ్డ్ డిడక్షన్ 2018 నుంచి ఆగింది, 2025లో వచ్చిన మరో చట్టంతో శాశ్వతంగా పోయింది.

దీని బరువు చూడండి. మానసిక వేదనకు 1.5 లక్షల డాలర్లు 2026లో వచ్చి, లాయరు మూడోవంతు తీసుకుంటే చేతికొచ్చేది లక్ష. పన్ను మాత్రం 1.5 లక్షల మీద. అదే మొత్తం 2025లో అందితే ఏమీ లేదు. ఇంటి పద్దుకు ఈ పోటు అంతగా ఉండదు. ఆస్తి పరిహారం రాబట్టడానికి పెట్టిన ఫీజు ఆ లాభాన్ని లెక్కించేటప్పుడే తగ్గుతుంది. కాబట్టి ఫీజును కూడా పద్దుల వారీగా పంచి రాయించుకోవాలి.

## ఒకేసారా, వాయిదాల్లోనా

ఎంపిక నిజంగా మీ చేతిలో ఉండే సందర్భం ఇది, అన్నిసార్లూ ఉండదు. లహైనా సెటిల్‌మెంట్‌లో హవాయియన్ ఎలక్ట్రిక్ తన వాటాను నాలుగు వార్షిక వాయిదాల్లో కడుతుంది. ఆ వాయిదాలు 2025 దాటిపోతాయి. పీజీ అండ్ ఈ ట్రస్టు 1,350 కోట్ల డాలర్ల విలువతో, అందులో సగం కంపెనీ షేర్లతో మొదలైంది. బాధితులకు వాళ్ల క్లెయిములో కొంత శాతం చొప్పున ఏళ్ల తరబడి డబ్బు అందింది. అక్కడ ఒక్కో ఏడాది అందిన డబ్బుకు ఒక్కో లెక్క.

గడువు లోపల అందే అవకాశం ఉన్నంతకాలం వేదన, జీతం పద్దులకు ఏకమొత్తమే మేలయ్యేది. గడువు దాటాక లెక్క తిరగబడుతుంది. పన్ను పడే పద్దును మూడు నాలుగేళ్లకు పరిస్తే ఒకే ఏడాది పెద్ద శ్లాబులోకి వెళ్లడం తప్పుతుంది, హెల్త్ ఇన్సూరెన్స్ సబ్సిడీ, మెడికేర్ ప్రీమియం కూడా ఒక్కసారిగా దెబ్బతినవు. శరీర గాయం పద్దుకు ఏ పద్ధతైనా పన్ను లేదు. వాయిదాలుగా యాన్యుటీ తీసుకుంటే అందులోని వడ్డీ భాగం కూడా పన్ను లేకుండా వస్తుంది. అదే డబ్బు ఏకమొత్తంగా తీసుకుని బ్యాంకులో వేస్తే వడ్డీ మీద పన్ను కట్టాలి. ఏ పద్ధతైనా ఒప్పందం ఖరారు కాకముందే రాయించాలి. డబ్బు మీకు రావాల్సిందేనని ఖాయమయ్యాక "వచ్చే ఏడాది ఇవ్వండి" అంటే పన్ను వాయిదా పడదు.

## ఎవరికి ఏది

సొంతింట్లో ఎన్నో ఏళ్లుగా ఉన్న దంపతులు, లాభం 5 లక్షల లోపు: ఇంటి పద్దు గురించి తొందర వద్దు, వేదన పద్దు అందే తేదీ, అంకె చూసుకోండి.

పాతికేళ్ల కిందట చవగ్గా కొన్న ఇల్లు, లాభం పది లక్షలు: 2024 చట్టం కింద అందిన డబ్బు మీకు పెద్ద వరం. బేసిస్ పెరగకపోవడం చిన్న మూల్యమే, ఎందుకంటే 1033 కిందికి వెళ్లినా బేసిస్ ఎలాగూ తగ్గేది. తిరిగి కట్టాలన్న ఒత్తిడి కూడా ఉండదు.

ఇల్లు కొని ఏడాదిన్నరే అయిన హెచ్1బీ కుటుంబం: సెక్షన్ 121 రెండేళ్లు నిండలేదు. విపత్తు లాంటి అనుకోని కారణానికి దామాషా మినహాయింపు ఉంది, 24 నెలల్లో 18 అయితే పరిమితిలో నాలుగింట మూడు వంతులు. కొత్త ఇళ్లలో లాభం ఎలాగూ తక్కువ కాబట్టి సాధారణంగా అది సరిపోతుంది.

అద్దెకున్నవారు: మీ సెటిల్‌మెంట్ దాదాపు అంతా సామాను, తరలింపు, వేదన. సామాను విలువ పెంచి చూపడం కంటే ఖర్చుల రసీదులు, వైద్య కాగితాలే మీకు ఎక్కువ మేలు చేస్తాయి.

మంటలో మనిషిని పోగొట్టుకున్న కుటుంబం: మరణానికి వచ్చిన పరిహారానికి సెక్షన్ 104 ఎప్పుడూ ఉంటుంది, తేదీ కోసం మంచి ఒప్పందాన్ని వదులుకోవద్దు. శిక్షాత్మక పరిహారం అన్న పేరు పత్రంలో పడకుండా మాత్రం చూడండి.

## రాష్ట్ర పన్ను వేరే లెక్క

ఫెడరల్ మినహాయింపు రాష్ట్రంలో దానంతటదే వర్తించదు. కొలరాడో లెక్క ఫెడరల్ పన్ను ఆదాయం నుంచే మొదలవుతుంది కాబట్టి అక్కడ మినహాయింపు దిగువకు ప్రవహిస్తుంది. ఒరెగాన్ 2024లో కార్చిచ్చు సెటిల్‌మెంట్లకు సొంత చట్టం చేసుకుంది. కాలిఫోర్నియాలో మొదట మంటను బట్టి చట్టాలు వచ్చాయి. ఫైర్ విక్టిమ్ ట్రస్ట్ చెల్లింపులకు, ఎడిసన్ కట్టిన థామస్, ఊల్సీ మంటల సెటిల్‌మెంట్లకు 2022లోనే వేర్వేరుగా మినహాయింపులు వచ్చాయి. వాటి తేదీలు ఫెడరల్ తేదీలతో కలవవు. ఫెడరల్‌లో పన్ను పడి రాష్ట్రంలో పడకపోవచ్చు, తిరగేసి కూడా జరగొచ్చు.

## ఇదివరకే పన్ను కట్టేసి ఉంటే

2020 నుంచి అందిన డబ్బు మీద పన్ను కట్టినవారు ఏడాదికొకటి చొప్పున ఫారం 1040-ఎక్స్ (సవరణ రిటర్న్) వేసి వాపసు అడగాలి. ఎంత పాతదైనా అడిగేందుకు చట్టం ఇచ్చిన ప్రత్యేక గడువు 2025 డిసెంబరు 12తో ముగిసింది. ఆ తర్వాత మామూలు నియమమే: రిటర్న్ వేసిన నాటి నుంచి మూడేళ్లు లేదా పన్ను కట్టిన నాటి నుంచి రెండేళ్లు, ఏది తర్వాతైతే అది. 2023 రిటర్న్ సకాలంలో వేసినవారికి 2027 ఏప్రిల్ 15 వరకు, 2024 రిటర్న్‌కు 2028 ఏప్రిల్ 15 వరకు సమయం ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ తీసుకుని అక్టోబరులో వేసినవారికి వేసిన తేదీ నుంచి మూడేళ్లు.

సవరణ పత్రంలో కారణం రాసే చోట మంట పేరు, ఫెమా సంఖ్య, డబ్బు అందిన తేదీ, చట్టం పేరు, ఇన్సూరెన్స్ భర్తీ చేయని నష్టం ఎంతో రాయాలి. 1099, సెటిల్‌మెంట్ పత్రం, లాయరు పంపిన పంపిణీ లెక్క జత చేయాలి. ఇంకా రిటర్న్ వేయనివారు 1099ని పట్టించుకోకుండా వదిలేయకూడదు. ఐఆర్ఎస్ కంప్యూటరుకు ఆ అంకె ఇప్పటికే చేరి ఉంటుంది, నోటీసు వస్తుంది. అంకెను చూపి, మినహాయింపును వేరే వరుసలో తీసేసి, వివరణ జత చేయడమే సురక్షితం.

ఇండియాకు తిరిగి వెళ్లిపోయాక సెటిల్‌మెంట్ అందేవారికి ఇంకో అంచె ఉంది. అమెరికాలో మినహాయింపు ఉన్నంత మాత్రాన భారత ఆదాయపన్ను శాఖ దానికి కట్టుబడదు. తిరిగెళ్లిన తొలి రెండు మూడేళ్లు "సాధారణ నివాసి కాని నివాసి" (ఆర్ఎన్ఓఆర్) హోదా ఉన్నవారికి, అమెరికాలో పుట్టి అక్కడే అందిన ఇలాంటి డబ్బు మీద ఇండియాలో పన్ను ఉండదు. ఆ హోదా దాటాక ఇంటి నష్టానికి వచ్చిన భాగాన్ని, పోయిన జీతానికి వచ్చిన భాగాన్ని విడివిడిగా చూస్తారు. పద్దుల విభజన ఉన్న సెటిల్‌మెంట్ పత్రం నకలు హైదరాబాద్‌లోని ఆడిటరు కూడా మొదట అడిగేది అందుకే.